ఊరి ప్రాజెక్టా, ఆన్‌లైన్ ఇంటర్న్‌షిప్పా: రెండో ఏడు వేసవికి ఏది మేలు?

ఏప్రిల్ సగం దాటిందంటే నా ఫోనుకు ఒకే ప్రశ్న పది గొంతులతో వస్తుంది. "సార్, సీఎస్‌పీకి (కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టుకు) నిజంగా ఊరికి వెళ్లాలా? రిపోర్టు ఎలాగో ఇచ్చేసి, ఆ ఎనిమిది వారాలు ఆన్‌లైన్ ఇంటర్న్‌షిప్ చేసుకుంటే మంచిది కదా?" అడిగేవాళ్లు అనంతపురం చుట్టుపక్కల ఇంజినీరింగ్ పిల్లలు, వాళ్ల తల్లిదండ్రులు. ఈ ఏడు ఆ వరుసలో మా అన్న కూడా చేరాడు. వాళ్ల పాప ఈఈఈ (ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్) రెండో ఏడు పూర్తి చేసింది. "మే నెల ఎండల్లో పిల్లను ఊళ్లు తిప్పితే ఏమొస్తుందిరా? కృత్రిమ మేధ మీద ఏదో కోర్సు ఉందట. నాలుగు వేలు కడితే ఇంటర్న్‌షిప్ సర్టిఫికెట్ కూడా ఇస్తారట" అన్నాడు. నేను పదిహేనేళ్లుగా ఎలక్ట్రికల్ పాఠాలు చెబుతున్నాను, కొన్నేళ్లుగా ఈ ఊరి ప్రాజెక్టులకు గైడుగా సంతకాలు పెడుతున్నాను. అయినా అన్నకు ఫోనులో సరిగా జవాబు చెప్పలేకపోయాను. అందుకే కూర్చుని రాస్తున్నాను.

నిబంధన అందరికీ తెలిసిందే. జేఎన్‌టీయూ అనంతపురం ఆర్23 నిబంధనల ప్రకారం రెండో ఏడు తర్వాత వేసవిలో 8 వారాల కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు తప్పనిసరి. మార్కులు మూడో ఏడు మొదటి సెమిస్టర్‌లో వేస్తారు, 2 క్రెడిట్లు. పరిశ్రమలో ఇంటర్న్‌షిప్ లేదా మినీ ప్రాజెక్టు మూడో ఏడు తర్వాత వస్తుంది, అది మరో 8 వారాలు. అంటే కాగితం మీద చూస్తే ఈ వేసవికి ఎంపికే లేదు. అసలు ప్రశ్న వేరే ఉంది: నిజంగా చేయాలా, చేసినట్టు చూపించాలా? మొహమాటం లేకుండా ఒప్పుకోవాలి, రెండో దారికి అన్ని సౌకర్యాలూ ఉన్నాయి. ఊరి పేరు, రోల్ నంబర్లు మార్చి స్పైరల్ బైండింగ్‌తో సహా రిపోర్టు చేతికిచ్చే జిరాక్సు షాపులున్నాయి. ఒకసారి నా దగ్గరకు వచ్చిన మూడు రిపోర్టుల్లో మూడు వేర్వేరు మండలాల సర్వే శాతాలు దశాంశాలతో సహా ఒకటే. ఇంకొకదానిలో వానకోసం ఆకాశం వైపు చూసే బెళుగుప్ప మండలంలోని ఒక ఊరికి కాలువ కింద రెండు పంటల వరి, గట్ల మీద కొబ్బరి అని రాసి ఉంది. ఆ రిపోర్టు గోదావరి గట్టున పుట్టి బస్సెక్కి ఇక్కడికి వచ్చిందన్నమాట. చెప్పొద్దూ, చదువుతూ ఆ ఊరివాళ్ల అదృష్టానికి సంతోషించాను.

మిగతా దారుల సంగతి త్వరగా ముగిస్తాను. ఎన్ఎస్ఎస్ (జాతీయ సేవా పథకం) 1969 నుంచి ఉంది. రెండేళ్లలో 240 గంటల సేవ, ఏడు రోజుల శిబిరం. మనిషిని నలుగురిలో కలుపుతుంది కాబట్టి చేరండి, కానీ దాన్ని ఈ ప్రాజెక్టుకు బదులుగా చూడకండి. అక్కడ ఎక్కువగా మీ శ్రమ కావాలి, మీ చదువుతో పని తక్కువ. సాంకేతిక విద్యా మండలి ఏఐసీటీఈ చెప్పే 100 యాక్టివిటీ పాయింట్లు మీ కళాశాల లెక్కపెడుతుంటే ఊరి పని వాటిలోకి కూడా వస్తుంది, దానికోసం విడిగా తాపత్రయం అక్కర్లేదు. హ్యాకథాన్‌లు ఒకటి రెండు రోజుల ఉత్సాహం, వెళ్లిరండి. బెంగళూరు వెళ్లి కంపెనీలో చేస్తామనేవాళ్లకు ఒక మాట. రెండో ఏడు పిల్లల్ని పిలిచి పని నేర్పే కంపెనీలు తక్కువ, డబ్బు కట్టించుకుని కుర్చీ వేసేవి ఎక్కువ. అద్దె, తిండి కలిపితే రెండు నెలలకు తేలే ఖర్చు ఇంట్లోవాళ్లను అడిగి తెలుసుకోండి. మూడో ఏడు తర్వాత మాత్రం ఆ ప్రయత్నం గట్టిగా చేయాలి. అప్పుడు పెనుకొండ దగ్గర కార్ల కర్మాగారం, దాని చుట్టూ విడిభాగాల యూనిట్లు, తాడిపత్రి వైపు సిమెంటు ఫ్యాక్టరీలు కూడా మన పిల్లలకు అందుబాటులో ఉన్నవే.

ఇక మిగిలింది రెండే.

ఆన్‌లైన్ దారిని నేను తీసిపారేయను. ఇంట్లో కూర్చుని నేర్చుకోవచ్చు, ఎండ దెబ్బ లేదు, ఆడపిల్లలున్న ఇళ్లలో ప్రయాణం గురించి గొడవ లేదు. ఐఐటీలవాళ్లు చెప్పే ఎన్‌పీటీఈఎల్ ఆన్‌లైన్ కోర్సులైతే మరీ మంచిది. వారం వారం అసైన్‌మెంట్లకు 25 శాతం, పరీక్షా కేంద్రానికి వెళ్లి రాసే పరీక్షకు 75 శాతం కాబట్టి ఆ సర్టిఫికెట్టుకు విలువ ఉంది. కాకపోతే అది కోర్సు, నిజాయితీగా దాన్ని కోర్సనే పిలుస్తున్నారు. ఇంటర్న్‌షిప్ అని పేరు పెట్టి వీడియోలు చూపించే వాటితోనే నా తగువు. అక్కడ సమస్య తయారుగా ఉంటుంది, లెక్కలకు కావలసిన అంకెలు కడిగి ఆరబెట్టి ఉంటాయి, జవాబు ముందే ఎవరికో తెలుసు. నీ పని తప్పయితే తెర మీద ఒక ఎర్ర గీత వస్తుంది. దిద్దుకుంటావు, పచ్చ గీత వస్తుంది. నువ్వు చేసినదాని మీద ఆధారపడి బతుకుతున్న మనిషి ఆ తెరకు అవతల ఎవరూ లేరు.

నా దృష్టిలో తేల్చేది అదే. ఒక ఉదాహరణ చెబుతాను.

రెండేళ్ల కిందట ముగ్గురు ఈఈఈ పిల్లలు నార్పల మండలంలో చీనీ (బత్తాయి) తోటలున్న ఒక ఊరు ఎంచుకున్నారు. వెళ్లేముందే ప్రాజెక్టు సిద్ధం: మట్టిలో తేమను కొలిచే సెన్సర్, తేమ తగ్గగానే డ్రిప్ దానంతట అదే మొదలు. యూట్యూబ్‌లో వంద ఉన్నాయి. మొదటిరోజు తోట అరుగు మీద అదంతా చెప్పారు. రైతు చివరిదాకా విని, "నీళ్లు ఎప్పుడు పెట్టాలో నాకు తెలుసు నాయనా. బోర్లో నీళ్లు లేక మోటారు కాలిపోతోంది, దానికేమన్నా ఉంటే చెప్పండి" అన్నాడు.

పిల్లలు వెంటనే పుస్తకం తీశారు. మోటారు కాలడమంటే కరెంటు ఎక్కువ లాగడం, దానికి స్టార్టర్‌లో ఓవర్‌లోడ్ రిలే (కరెంటు మితిమీరితే మోటారును ఆపేది) ఉంది, అది సరిగా లేదేమో అనుకున్నారు. రిలే బాగానే ఉంది. ఆ సాయంత్రం నాకు ఫోను చేశారు. నేను చెప్పేయవచ్చు, చెప్పలేదు. స్టార్టర్ మెకానిక్‌ను వెంటబెట్టుకుని, అతని చేత తీగకు తగిలించి కరెంటు కొలిచే క్లాంప్ మీటర్ పెట్టించి చూడండి అన్నాను. (ఇది గట్టిగా చెబుతున్నాను: రెండో ఏడు పిల్లలు త్రీఫేజ్ స్టార్టర్ డబ్బా ఒంటరిగా తెరవకూడదు.) మర్నాడు చూశారు. నీళ్లు పడుతున్నంతసేపూ మోటారు 9 ఆంపియర్ల దగ్గర ఉంది. బోరు అడుగంటి పైపులో నీళ్లు ఆగగానే 6కు పడిపోయింది. పెరగలేదు, తగ్గింది! ఎత్తిపోయడానికి నీళ్లే లేనప్పుడు మోటారుకు బరువేముంది? కరెంటు తగ్గింది కాబట్టి ఓవర్‌లోడ్ రిలేకు అంతా క్షేమంగానే కనిపిస్తుంది. కానీ బోరు లోపల నీళ్లలో మునిగి ఉండే సబ్‌మెర్సిబుల్ మోటారును చల్లబరిచేది దాని చుట్టూ పారే నీళ్లే. అవి లేక లోపల వైండింగ్ (రాగి తీగ చుట్ట) మెల్లగా మాడిపోతోంది. ఈ సంగతి నేను తరగతిలో ఏటా బోర్డు మీద గీసి చెబుతాను, పరీక్షలో వాళ్లూ రాస్తారు. అర్థమైంది మాత్రం ఆ తోటలో.

తర్వాతది ఇంకా బాగుంటుంది. కరెంటు 7 ఆంపియర్ల కంటే తగ్గితే మోటారును ఆపే చిన్న డబ్బా ఒకటి తయారు చేశారు, ల్యాబులో మూడుసార్లు పరీక్షించి మెకానిక్‌తో బిగించారు. ఫొటోలు తీసుకున్నారు. జిరాక్సు రిపోర్టు అయితే కథ అక్కడ ముగుస్తుంది. వీళ్లు వారం తర్వాత వెళ్లేసరికి రైతు ఆ డబ్బాను పక్కన పెట్టించి మోటారును మళ్లీ డైరెక్టు చేసుకున్నాడు. పిల్లలకు కోపం వచ్చింది. ఒకడు నాకు ఫోను చేసి "వాళ్లకు చదువు లేదు సార్" అన్నాడు. ఎందుకు తీసేశాడో అడిగి అప్పుడు మాట్లాడమన్నాను. అడిగారు. బోరు నీళ్లు అడుగంటే ముందు గాలితో కలిసి కుదుపులుగా వస్తాయట, ఆ రెండు మూడు క్షణాలకే డబ్బా మోటారును కట్టేస్తోంది. ఇంటి నుంచి తోటకు కిలోమీటరు. రోజుకు ఆరుసార్లు నడిచి వచ్చి బటన్ నొక్కడం కంటే ఏడాదికోసారి వైండింగ్ చేయించుకోవడమే నయమనుకున్నాడు. అతని లెక్క అతనికుంది!

అప్పుడు దిద్దారు. కరెంటు తగ్గాక అర నిమిషం ఆగి చూసి, అప్పటికీ తగ్గే ఉంటే ఆపడం. బోరు మళ్లీ ఊరడానికి నలభై నిమిషాలు పడుతుందని రైతే చెప్పాడు, అంతసేపు ఆగాక దానంతట అదే మొదలవడం. ఈసారి అతను తీయలేదు.

ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుంది, మా అన్నే అన్నాడు: అలాంటి రక్షణ ఉన్న స్టార్టర్లు బజారులో దొరుకుతాయి కదా? దొరుకుతాయి. ఆ సంగతి పిల్లలకూ మూడో వారంలోనే తెలిసింది, అనంతపురం షాపుల్లో ధరలు కనుక్కుని రిపోర్టులో పోల్చి రాశారు కూడా. వాళ్లేమీ కొత్తగా కనిపెట్టలేదు. కానీ తాము తీసుకెళ్లిన సమస్యను వదిలేసి ఎదుటివాడి సమస్యను అందుకున్నారు, తమ డబ్బా ఎందుకు ఓడిపోయిందో ఓడించినవాణ్నే అడిగి తెలుసుకున్నారు. ఇరవై ఏళ్ల వయసులో ఈ రెండూ చేసిన పిల్లలు నాకు ఎక్కువమంది తగల్లేదు.

ఉద్యోగానికి ఇది ఎలా పనికొస్తుందని తల్లిదండ్రులు అడుగుతారు, అడగాలి కూడా. ప్రాంగణ నియామకాల్లో ప్రాజెక్టు గురించిన మొదటి ప్రశ్న అందరికీ ఒకటే: ఏం చేశావు? దానికి అందరూ జవాబు చెబుతారు, బట్టీపట్టి అయినా సరే. పిల్లలు తేలిపోయేది రెండో ప్రశ్న దగ్గర: "తర్వాత ఏమైంది? వాడారా?" ఆన్‌లైన్ ఇంటర్న్‌షిప్ చేసినవాడికి ఆ ప్రశ్నకు చెప్పడానికి ఏమీ ఉండదు, ఎందుకంటే తర్వాత ఏమీ కాలేదు. ఆ ముగ్గురిలో ఒక అమ్మాయి, మొదటిసారి రైతు తీసేశాడని దాచకుండా చెప్పిందట. అడిగినాయన కుర్చీలో ముందుకు వంగి, ఇంకో పది నిమిషాలు ఆ డబ్బా గురించే మాట్లాడాడట. ఉద్యోగం దానివల్లే వచ్చిందని నేననను. ఆ అమ్మాయికి కోడింగ్ కూడా బాగా వచ్చు.

కంప్యూటర్ సైన్సువాళ్లు "మాకు ఊళ్లో ఏం పని సార్?" అంటారు. ఒక బృందం పొదుపు సంఘాల లెక్కలకు యాప్ చేసింది. ముచ్చటగా ఉంది, ఎవరూ తెరవలేదు. కారణం: ఇంట్లో ఉన్న ఒక్క మంచి ఫోను పగలంతా కొడుకు దగ్గరుంటుంది. చివరికి సంఘం లెక్కలు రాసే ఒకావిడ ఫోనులో మాత్రమే పనిచేసేలా, నెలకోసారి అందరికీ ఒక కాగితం అచ్చు తీసి ఇచ్చేలా మార్చారు. వాడేవాళ్లెవరో ముందు తెలుసుకోవాలని వాళ్ల పుస్తకంలో ఒక అధ్యాయమే ఉంది.

ఊరి ప్రాజెక్టులో లోపాలు లేవా అంటే, ఉన్నాయి, పెద్దవే. ఎనిమిది వారాలు చాలవు. సమస్య అర్థమయ్యేసరికే నాలుగు వారాలు పోతాయి. మా గైడుల్లో ఊరికి వచ్చి చూసేవాళ్లు తక్కువ, నేనూ అన్ని బృందాల దగ్గరకూ వెళ్లలేదు. అన్నింటికంటే బాధ కలిగించేది, వేసవి అయిపోగానే పని గాలికి పోవడం. ఒక ఊళ్లో ఒక అవ్వ మా పిల్లలతో "రాసుకుపోయినవాళ్లు మళ్లీ రాలేదు నాయనా, మీరైనా వస్తారా?" అందట. ఆ మాటకు పిల్లల దగ్గరే కాదు, నా దగ్గరా జవాబు లేదు. అమెరికాలో పర్డ్యూ విశ్వవిద్యాలయం 1995లో ఎపిక్స్ పేరుతో ఇలాంటి కార్యక్రమమే మొదలుపెట్టింది. అక్కడ ఒక సంస్థతో ఒప్పుకున్న పని ఏళ్ల తరబడి సాగుతుంది, ఒక సెమిస్టర్ పిల్లలు తర్వాతివాళ్లకు అప్పజెప్పి వెళతారు. మన దగ్గర ఏటా కొత్త ఊరు, కొత్త సర్వే, పాత ప్రశ్నలు. ఒకే ఊరిని నాలుగేళ్లు వదలకుండా పట్టుకోమని మా విభాగంలో అడుగుతూనే ఉన్నాను.

కాబట్టి వెళ్లేవాళ్లు బంధువులున్న ఊరు ఎంచుకోండి. అమ్మమ్మగారి ఊరైతే మరీ మంచిది: తిండికి, నీడకు, ఆడపిల్లల విషయంలో ఇంట్లోవాళ్ల దిగులుకు ఒకే మందు. పైగా మధ్యలో ఎగ్గొడితే అడిగేవాళ్లుంటారు. మొదటి పది రోజులు ఏ ప్రాజెక్టూ అనుకోకండి. నలభై ప్రశ్నల సర్వే కాగితాలు తీసుకెళ్లకండి, హాస్టల్లో ఒకే పెన్నుతో నింపిన కాగితాలు మాకు తెలిసిపోతాయి. ఉదయం ఎండెక్కకముందు, సాయంత్రం చల్లబడ్డాక తిరగండి. నడి మధ్యాహ్నం మూడు గంటలు ఎలాగూ ఇంట్లోనే ఉంటారు కాబట్టి ఆ ఆన్‌లైన్ కోర్సేదో అప్పుడు చేసుకోండి. రెండూ కుదురుతాయి. ఒకటే కుదిరేట్టయితే, కోర్సు వచ్చే ఏడు కూడా దొరుకుతుంది.

అన్నకు ఇదంతా చెప్పాను. పూర్తిగా ఒప్పుకోలేదు, కానీ నాలుగు వేలు కట్టలేదు. పాప శింగనమల దగ్గర వాళ్ల అమ్మమ్మగారి ఊరికి వెళ్లింది, నా పాత క్లాంప్ మీటర్ పట్టుకుపోయింది. నిన్న పొద్దున తొమ్మిదింటికి ఫోను చేసింది.

"చిన్నాన్నా, మెకానిక్ మామ ఫేజుల మధ్య వోల్టేజీ చూస్తే 340 చూపిస్తోంది. పుస్తకంలో 415 కదా. నువ్విచ్చిన మీటర్ పాడైందా?"

మీటర్ బాగానే ఉందన్నాను. ఆ ట్రాన్స్‌ఫార్మర్ కింద ఎన్ని మోటార్లు ఆడుతున్నాయో లెక్కపెట్టుకుని రమ్మన్నాను.