రొట్టెలకు నాలుగు స్టార్లు, బల్లకు ఐదు

హన్మకొండ నయీంనగర్ దిక్కు రోడ్డు పక్కన పొద్దుమీకి ఆరింటికి పెట్టే జొన్న రొట్టెల పాయింట్ గురించి రాస్తున్న. బోర్డు గిట్ల ఏం లేదు, ఒక టార్పాలిన్, మూడు బల్లలు, కట్టెల పొయ్యి అంతే, అక్క రొట్టె కొడ్తుంటే ఆ చప్పుడే బోర్డు అనుకోండి.

తిండి సంగతి ముందు చెప్త. రొట్టె పెంక మీదికెళ్లి డైరెక్ట్ ప్లేట్లకే వస్తది, పావుగంట ఆగితే అట్టముక్క లెక్క అయితది, అందుకే పార్శిల్ తీస్కపోకండి, నేను రెండుసార్లు తీస్కపోయి మోసపోయిన. ఎల్లిపాయ కారం మస్తుంటది. పప్పు ఓకే. పచ్చిపులుసు మాత్రం ఉత్త నీళ్లు, ఆ ఒక్క స్టార్ దానికే కట్ చేసిన. బండి పెట్టనీకి జాగ కూడా ఉండది.

ఇగ ఐదు స్టార్ల ముచ్చట. నేను పోయిన జూలైల ఈడ ఒక కాలేజ్ల అసిస్టెంట్ ప్రొఫెసర్‌గ జాయినైన, మాది నిర్మల్ దిక్కు. పీహెచ్‌డీ ఐదేండ్లు హాస్టల్లనే ఉన్న, అర్ధరాత్రి తలుపు కొట్టినా చాయ్‌కి ఎవడో ఒకడు లేసి వచ్చేటోడు. ఈడ మొదటి రోజు నుంచే నేను సార్. పోరగాండ్లతోని కూసొని తినలేం, రేపు వాళ్ల పేపర్లు మనమే దిద్దాలె. మా డిపార్ట్‌మెంట్ల సగం మంది హైదరాబాద్ నుంచి అప్ అండ్ డౌన్, నాలుగున్నర కాంగనే కాజీపేట స్టేషన్‌కు ఉరుకుతరు, మిగిలినోళ్లకు ఇంట్ల పిల్లలు, హోంవర్క్‌లు. రెండు నెలలు ఆరు దాటినంక నేను మాట్లాడిన మనిషి డెలివరీ తమ్ముడే, అదీ ఓటీపీ చెప్పనీకి.

అక్క దగ్గర బల్లలు మూడే కాబట్టి తెల్వనోళ్ల పక్కన కూసోక తప్పది. అట్ల కలిసిండ్రు వేరే కాలేజ్ల బాటనీ చెప్పే మేడమ్, ఇంకో కాలేజ్ల సివిల్ ఇంజనీరింగ్ చెప్పే సార్, ఒక బ్యాంకు తమ్ముడు. ఒకనాడు నా టైంటేబుల్ల వారానికి 22 గంటలు పడ్డయని ఏడుస్తుంటే మేడమ్ అన్నది, కాలేజీలకు, యూనివర్సిటీలకు రూల్స్ పెట్టే యూజీసీ 2018 రెగ్యులేషన్స్ల మనకు వారానికి 16 గంటల క్లాసులే, రాసి అడుగు అని. జీతం లెవెల్ 10 నుంచి 11కు, అంటే మొదటి ప్రమోషన్‌కు పోవాలంటే పీహెచ్‌డీ ఉన్నోళ్లకు 4 ఏండ్లు, 21 రోజుల ఓరియెంటేషన్ కోర్సు ఇప్పటి నుంచే చూస్కో అని కూడా ఆమెనే చెప్పింది. కాలేజోళ్లు నాకు ఒక మెంటర్‌ను ఇచ్చిండ్రు లెండి, ఫారం మీద సంతకం పెట్టినంక ఆయన మళ్ల కనపడలే. ఉన్నా నేనేం చెప్త, సెకండియర్ క్లాసు నా చేతిల ఉంటలేదని మా హెచ్‌వోడీ వినే చోట అంటే అది నా అప్రైజల్ల కూసుంటది. బల్ల మీదోళ్లకు నా ప్రొబేషన్‌తోని పనే లేదు, అందుకే నోరు ఇప్పిన.

ఒక్క మనిషే అన్నిటికీ పనికిరాడని కూడా ఈడనే తెలిసింది. సివిల్ సార్ ప్రాజెక్ట్ ప్రపోజల్ దిద్దిచ్చిండు గని ఇల్లు సంగతి అడిగితే నవ్వుతడు, బ్యాచిలర్‌కు రూం ఇప్పిచ్చింది బ్యాంకు తమ్ముడు. జరమొచ్చి మూడు రోజులు పోకపోతే అక్క ఆ తమ్మునితోని గంజి పంపింది, పైసలు తీస్కోలే. ఇప్పుడైతే లేటుగ పోతే "ఏంది సారు, ఒక్కనివే వచ్చినవ్, మీవోళ్లేరి" అంటది.

సద్దుల బతుకమ్మ నాడు బంద్ ఉంటది, తెల్వక మేం నలుగురం పోయి ఆరిన పొయ్యి ముంగట నిలబడ్డం, ఆడికెళ్లి పద్మాక్షి గుట్ట కాడికి నడుసుకుంట పోయినం, రాత్రి ఎనిమిదింటికి మొక్కజొన్న కంకులే బువ్వ.