మైన్‌క్రాఫ్ట్‌లో తలల సంగతి: ఏది తెచ్చుకోవాలి, ఏది వదిలేయాలి

మైన్‌క్రాఫ్ట్ అనే వీడియో గేమ్‌లో ఇల్లు కట్టడం అలవాటైన ప్రతివాళ్ళూ ఏదో ఒకరోజు అందులోని జీవుల తలల దగ్గరికి రావాల్సిందే. గోడలు, పైకప్పు, తోట అన్నీ అయిపోయాక కూడా ఇంట్లో ఏదో వెలితిగా ఉంటుంది, అప్పుడు గుర్తొస్తాయి ఇవి. మొత్తం ఏడు రకాలు: స్కెలిటన్, విథర్ స్కెలిటన్, జాంబీ, క్రీపర్, పిగ్లిన్, డ్రాగన్, ఆపైన ఆటగాడి తల. పిగ్లిన్, డ్రాగన్ తప్ప మిగతా ఐదూ 2012లో 1.4 అప్‌డేట్‌తో వచ్చాయి, డ్రాగన్ 2016లో, పిగ్లిన్ 2023లో చేరాయి. నేలమీద పెట్టుకోవచ్చు, గోడకి తగిలించుకోవచ్చు, హెల్మెట్ బదులు నెత్తిన పెట్టుకుని తిరగొచ్చు. ఆటలో ఉన్న అలంకరణ సామాన్లలో నాకు వీటికంటే ఇష్టమైనవి లేవు. ఎందుకంటే సర్వైవల్‌లో (అన్నీ మనమే సంపాదించుకుని ఆడే పద్ధతిలో) వీటిని క్రాఫ్టింగ్ టేబుల్ మీద చేసుకోలేం, ఏ విలేజర్ దగ్గరా కొనలేం. ఎవరింట్లోనైనా క్రీపర్ తల కనబడిందంటే ఆ మనిషి దానికోసం ఎంత తంటాలు పడ్డాడో తెలిసినవాళ్ళకి చూడగానే తెలిసిపోతుంది.

ఆ తంటా ఏంటంటే, దగ్గరికొచ్చి పేలిపోయే ఆ ఆకుపచ్చ జీవి క్రీపర్ తలకి కత్తి పనికిరాదు. పిడుగు పడి ఒంటిచుట్టూ నీలంగా మెరిసే క్రీపర్ ఒకటి కావాలి, దాని పేలుడులో ఇంకో క్రీపర్ చావాలి, అప్పుడే తల రాలుతుంది. జాంబీ, స్కెలిటన్, పిగ్లిన్ తలలకీ ఇదే దారి. పిడుగు దానంతటది వచ్చి క్రీపర్ పక్కన పడేదాకా కాచుకోవడం అయ్యే పని కాదు కాబట్టి అందరూ చేసేది ఛానలింగ్ (పిడుగుని రప్పించే మంత్రం) వేసిన ట్రైడెంట్, అంటే త్రిశూలం, పట్టుకుని ఉరుముల వాన కోసం చూడటం. ఆ ట్రైడెంట్ కూడా ఊరికే రాదు, నీళ్ళలో తిరిగే డ్రౌన్డ్‌ల చేతిలో అరుదుగా ఉంటుంది, వాణ్ణి చంపినా దక్కుతుందని గ్యారంటీ లేదు. ఇవన్నీ సిద్ధమయ్యాక క్రీపర్‌కి నేమ్ ట్యాగ్ తగిలించి, పైన ఆకాశం కనబడేచోట నిలబెట్టాలి. ఉరుము వినబడగానే దూరం నుంచి ఒక్కటే దెబ్బ వెయ్యాలి. రెండోది వేశారంటే అది పోయినట్టే, ట్రైడెంట్ విసురుకి 8, పిడుగుకి 5 పోతాయి, క్రీపర్ ప్రాణమే 20. అంత టెన్షన్ వద్దనుకుంటే పక్కన లైట్నింగ్ రాడ్ పాతి ట్రైడెంట్‌ని దానిమీదకి విసరండి, పిడుగు రాడ్ మీద పడుతుంది, ఆనుకుని ఉన్న క్రీపర్ కూడా మెరుస్తుంది.

ఇక రెండో క్రీపర్‌ని మొదటిదాని పక్కకి తీసుకురావడం ఉంది చూశారూ, అది ఇద్దరుండి చేసుకోవాల్సిన పని. మా తమ్ముడు ఎర వేస్తూ వెనక్కి నడుస్తాడు, నేను ఫ్లింట్ అండ్ స్టీల్ పట్టుకుని అద్దం గోడ వెనక ఉంటాను, కాల్‌లో వాడు "అక్కా, ఇప్పుడే కాదు, ఇంకో రెండు అడుగులు" అని అరుస్తూనే ఉంటాడు. పేలిన గుంటలో ఆ చిన్న ఆకుపచ్చ తల తిరుగుతూ కనబడినప్పుడు వచ్చే ఆనందం డైమండ్లు దొరికినప్పుడు కూడా రాదు. ఒక్కటి గుర్తుపెట్టుకోండి, కంప్యూటర్‌లో ఆడే జావా ఎడిషన్‌లో ఒక పేలుడుకి ఒక్క తలే వస్తుంది, కాబట్టి పదిమందిని పోగుచేసి పేల్చినా లాభం లేదు.

స్కెలిటన్ తలకి మాత్రం 2022 నుంచి ఇంకో దారి ఉంది. లోతుల్లో ఉండే ఏన్షియెంట్ సిటీల్లో అవి ముందే పెట్టి ఉంటాయి, అక్కడ చప్పుడైతే వచ్చే రాక్షసుడు వార్డెన్ నిద్రలేవకుండా వంగి నడుచుకుంటూ వెళ్ళి తీసుకోవాలి. అందుకే నా దృష్టిలో స్కెలిటన్ తల విలువ కొంచెం తగ్గింది, జాంబీది పెరిగింది. రాత్రయితే గుంపులుగా తిరిగే జాంబీ తల ఇంత అరుదుగా ఉండటం నాకు ఈ ఆటలో చాలా నచ్చిన విషయం.

విథర్ స్కెలిటన్‌ది వేరే లెక్క. నెదర్ అనే నిప్పుల లోకంలోని కోటల్లో వాటిని నరుకుతూ పోవాలి, తల రాలే అవకాశం 2.5 శాతం, అంటే సగటున నలభైకి ఒకటి. కత్తికి లూటింగ్ 3 మంత్రం ఉంటే 5.5 శాతానికి పెరుగుతుంది, అది లేకుండా వెళ్ళకండి. మూడు తలలు చేతికొచ్చాక అందరూ చేసే పని సోల్ శాండ్ మీద పెట్టి విథర్ అనే మూడు తలల రాక్షసుణ్ణి లేపడమే, బీకన్ (వెలుగు స్తంభం) కావాలంటే దాన్ని చంపక తప్పదు. నేనైతే నాలుగోది కూడా వచ్చేదాకా కోట వదలను, ఎందుకంటే ఆటలో కట్టిన మా మండువా లోగిలికి వీధి గుమ్మం పైన దిష్టిబొమ్మలా ఆ నల్ల తలే ఉండాలి. నేలమీద పెట్టేటప్పుడు ఏ తలనైనా పదహారు దిక్కులకి తిప్పొచ్చు, సగం బ్లాక్ ఎత్తే కాబట్టి అరుగు మీద పెట్టినా అసహ్యంగా ఉండదు. గోడకైతే నాలుగు దిక్కులే.

అందరూ తెలుసుకోవాల్సింది స్వరం పలికే నోట్ బ్లాక్ సంగతి. 2023లో వచ్చిన 1.20 నుంచి నోట్ బ్లాక్ మీద తల పెడితే ఆ జీవి గొంతు వినిపిస్తుంది. జాంబీ మూలుగుతుంది, డ్రాగన్ గర్జిస్తుంది, క్రీపర్ అయితే పేలబోయే ముందు చేసే ఆ బుస. వాకిట్లో ప్రెషర్ ప్లేట్ పెట్టి అక్కణ్నుంచి రెడ్‌స్టోన్ (ఆటలో కరెంటు తీగలాంటిది) లాగి క్రీపర్ తల ఉన్న నోట్ బ్లాక్‌కి కలిపితే ఇంతకంటే మంచి కాలింగ్ బెల్ ఉండదు, తెలియనివాళ్ళు వస్తే ఒక్క గెంతు వేస్తారు. స్వరం మాత్రం మార్చలేం, కాబట్టి పాట కట్టాలనుకునేవాళ్ళకి ఇది పనికిరాదు.

నెత్తిన పెట్టుకుంటే ఉపయోగం ఉందా అంటే ఉంది. స్కెలిటన్ తల పెట్టుకుంటే స్కెలిటన్లు మిమ్మల్ని సగం దూరం నుంచే పసిగడతాయి, 16 బ్లాకులు కాస్తా 8 అవుతుంది. జాంబీ, క్రీపర్, పిగ్లిన్ తలలు కూడా వాటివాటి జాతి మీద ఇలాగే పనిచేస్తాయి. చెక్కిన గుమ్మడికాయలా ఇది కళ్ళకి అడ్డం రాదు. కానీ రక్షణ సున్నా, హెల్మెట్ తీసి పెట్టుకోవాలి కాబట్టి గుహల్లోకి మాత్రం వద్దు, ఊళ్ళో తిరగడానికి పెట్టుకోండి. పిగ్లిన్ తల పెట్టుకున్నా బంగారం లెక్కలోకి రాదు, అవి కొట్టకుండా ఉండాలంటే ఒంటిమీద ఒక్క బంగారు కవచమైనా ఉండి తీరాలి. ఆ పిగ్లిన్ తల తేవడం కూడా పెద్ద గొడవ, నెదర్‌లో ఉండే పిగ్లిన్‌ని పోర్టల్ దాటించి మన లోకంలోకి తెస్తే 15 సెకన్లలో జాంబిఫైడ్ పిగ్లిన్‌గా మారిపోతుంది, ఆలోపే పేల్చాలి.

అందంలో మాత్రం డ్రాగన్ తలే. ఎండ్ అనే మరో లోకంలోని ఎండ్ సిటీ పక్కన గాల్లో తేలే ఓడ ముక్కుకి తగిలించి ఉంటుంది. ఎలైట్రా (ఎగరడానికి పనికొచ్చే రెక్కలు) కోసం ఆ ఓడ ఎక్కేవాళ్ళలో చాలామంది దాన్ని తీసుకుని తల మర్చిపోయి వచ్చేస్తారు, దయచేసి అలా చేయకండి. రెడ్‌స్టోన్ ఇస్తే నోరు తెరిచి మూస్తుంది. పిగ్లిన్ చెవులు కూడా ఆడతాయి గానీ డ్రాగన్ ముందు అది తేలిపోతుంది.

ఇక నాకు నిజంగా కోపం తెప్పించేది ఆటగాడి తల. జావాలో కమాండ్ కొట్టి ఎవరి స్కిన్‌తోనైనా తల తెప్పించుకోవచ్చు, సర్వైవల్‌లో మాత్రం సంపాదించుకునే దారే లేదు. సర్వర్ నడిపేవాళ్ళు వనిల్లా ట్వీక్స్ డేటా ప్యాక్ వేస్తే ఒకరినొకరు ఓడించినప్పుడు తలలు రాలతాయి, అదొక్కటే ఊరట. ఫోన్‌లో ఆడే బెడ్‌రాక్ వాళ్ళకి ఆ సుఖం కూడా లేదు, అందులో ఆటగాడి తలంటే ఎప్పుడూ స్టీవ్ మొహమే. మన దగ్గర పిల్లల్లో ఎక్కువమంది ఆడేది ఫోన్‌లోనే, స్నేహితుడి మొహం గోడమీద పెట్టుకోవాలని అడిగే పిల్లాడికి కుదరదని చెప్పాల్సి రావడం నాకు బాధగా ఉంటుంది. మోజాంగ్ వాళ్ళు పిగ్లిన్ చెవులు ఆడించడానికి పెట్టిన శ్రద్ధలో కొంచెం దీనిమీద పెట్టి, బెడ్‌రాక్‌లో కూడా సొంత స్కిన్ ఉన్న తల ఇవ్వాలి.

కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు ముందు విథర్ స్కెలిటన్ తల తెచ్చుకోండి, దానికి కత్తీ ఓపికా ఉంటే చాలు. క్రీపర్ తల పని మాత్రం ట్రైడెంట్ చేతికొచ్చాకే పెట్టుకోండి, అదీ తోడుగా ఇంకొకరు దొరికితేనే.