చిన్న పిల్లాడు, కార్ సీటు: రెండు డోర్ల బండి మేలా, నాలుగు డోర్లదా?

బాబు డేకేర్ నుంచి మా ఇంటికి కిలోమీటరున్నర దూరం. బెంగళూరులో మారతహళ్లి దగ్గర సందులే అన్నీ. పోయినేడు జూలైలో ఒక సాయంత్రం వాన పడుతోంది. వాడు నిద్రపోయి నా భుజం మీద ఉన్నాడు, రెండో భుజానికి వాడి సంచి. మాది రెండు డోర్ల జీపు. వాణ్ని వెనక బిగించిన పిల్లల కార్ సీట్లో కూర్చోబెట్టాలంటే ఎడమ పక్క ముందు సీటును వంచి ముందుకు తోయాలి, తల తగలకుండా ఒంగి లోపలికి దూరాలి, వాడి చేతులు బెల్టుల్లో పెట్టాలి, మళ్లీ సీటు వెనక్కి లాగాలి. అప్పటిదాకా అత్తయ్య వానలోనే నిలబడాలి. "ఇయ్యమ్మా, ఇంత దూరానికి సీటెందుకు? నా ఒళ్లో కూచోబెట్టుకుంటా" అంది అత్తయ్య. ఇచ్చేశాను.

ఏమీ కాలేదు. ఇంటికి వచ్చాం, వాడు లేవకుండానే మంచం మీద పడుకున్నాడు. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చిన రోజు మొదలు ఒక్కసారి కూడా వాణ్ని సీటు లేకుండా బండిలో తిప్పలేదు. ఆ నియమం తప్పింది నాకు తెలియక కాదు, ఆ పని కష్టమై. రెండు డోర్లా నాలుగు డోర్లా అన్న లెక్క నేను ఇక్కడి నుంచే మొదలుపెడతాను. ఒంటరిగా, అలసిపోయి, వానలో ఉన్న మనిషి కూడా పిల్లాణ్ని ప్రతిసారీ సరిగ్గా కట్టగలిగే బండి ఏది? నాకు ముఖ్యమైన ప్రశ్న అదొక్కటే.

ముందు ఒక మాట చెప్పాలి. మనం రెండు డోర్లు అనేదాన్ని కంపెనీలు డిక్కీ తలుపు కూడా కలిపి మూడు డోర్లు అంటాయి. నాలుగు డోర్ల హ్యాచ్‌బ్యాక్‌ని ఐదు డోర్లంటాయి. మన దగ్గర రెండు డోర్ల బళ్లు తక్కువే. 2020 అక్టోబర్ 2న వచ్చిన మహీంద్రా థార్ (మా జీపు అదే), 2023లో వచ్చిన చిన్న ఎలక్ట్రిక్ బండి కామెట్ ఎక్కువగా కనిపిస్తాయి. రెండింట్లోనూ నలుగురికే చోటు. థార్‌కి నాలుగు డోర్ల రూపం రాక్స్ 2024 ఆగస్టు 15న వచ్చింది. పిల్లలు పుట్టాక చాలా ఇళ్లలో నడిచే చర్చ ఈ బళ్ల చుట్టూనే.

రెండు డోర్లుంటే పిల్లలకు సేఫ్టీ ఉండదని కొందరు ఒక్క మాటలో తేల్చేస్తారు. అది సరికాదు. మూడు డోర్ల థార్‌కి 2020లో, బళ్లను ఢీకొట్టించి భద్రత చూసే గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షలో పెద్దల విభాగంలోనూ పిల్లల విభాగంలోనూ 4 స్టార్లు వచ్చాయి. రాక్స్‌కి 2024లో మన దేశపు పరీక్ష భారత్ ఎన్‌క్యాప్‌లో రెండింట్లోనూ 5 వచ్చాయి. ఆ రెండు పరీక్షలూ ఒకటి కావు కాబట్టి అంకెలను పక్కపక్కన పెట్టి పోల్చకూడదు. మనకు పనికొచ్చే విషయం వేరే ఉంది. వెనక సీట్లో ఐసోఫిక్స్ కొక్కేలుంటే (కార్ సీటును నేరుగా బండికి బిగించేవి), కార్ సీటు వాటికి బిగుసుకుని పచ్చ గుర్తు కనిపిస్తే, సీటును పైన పట్టి ఉంచే తాడో కింద ఆనే కాలో సరిగ్గా అమరితే, డోర్లు రెండున్నా నాలుగున్నా ఆ సీటు పని ఆ సీటు చేస్తుంది. తేడా అంతా పిల్లాణ్ని ఆ సీటు దాకా చేర్చడంలోనే ఉంది.

బెంగళూరులో ఆ చేర్చడం బేస్‌మెంట్‌లో మొదలవుతుంది. మా అపార్ట్‌మెంట్‌లో మాకిచ్చిన పార్కింగ్ గడిని టేపు పెట్టి కొలిచాను. వెడల్పు రెండున్నర మీటర్లు. థార్ వెడల్పు 1,820 మిల్లీమీటర్లు. బండిని సరిగ్గా నడిమధ్య నిలిపితే ఒక్కో పక్క మిగిలేది 34 సెంటీమీటర్లు. వాగన్ ఆర్ లాంటి బండి 1,620 మిల్లీమీటర్లు కాబట్టి ఒక్కో పక్క 44 మిగులుతుంది. 10 సెంటీమీటర్లే కదా అనిపిస్తుంది. కానీ రెండు డోర్ల బండికి తలుపు పొడవు. వెనక్కి వెళ్లే దారి కూడా అదే కాబట్టి దాన్ని బాగా తెరిస్తే తప్ప మనిషి పట్టదు. పక్కన పిల్లరో, పక్కింటివాళ్ల బండో ఉంటే ఆ తలుపు సగంలోనే ఆగిపోతుంది. సగం తెరుచుకున్న పొడుగు తలుపు, వంచిన ముందు సీటు, ఈ రెండింటి మధ్య నుంచి పదకొండు కిలోల బిడ్డను ఎత్తి లోపల పెట్టడం నాకు సాధ్యపడలేదు. మా ఆయన బండిని ర్యాంపు దగ్గరకు తెచ్చి ఆపేవాడు, నేను అక్కడ ఎక్కించేదాన్ని. ఆయన ఊళ్లో లేని రోజు బాబును ఎవరికైనా అప్పజెప్పి నేను బండి తీసుకొచ్చేదాన్ని. మా సెక్యూరిటీ తాత ఎన్నిసార్లు వాణ్ని ఎత్తుకుని నిలబడ్డాడో.

రోడ్డు మీద సమస్య ఇంకోలా ఉంటుంది. ఎడమ పక్కకు తీసి ఆపినా సరే, బండికీ ఫుట్‌పాత్‌కీ మధ్య అడుగున్నర సందుంటే చాలు, ఏదో ఒక టూవీలర్ దూరుతుంది. పొడుగు తలుపు తెరిచి, దానికి వీపు పెట్టి, సగం ఒళ్లు లోపల, సగం బయట ఉండి బెల్టు పెడుతున్నప్పుడు వెనక నుంచి హారన్ వినిపిస్తే గుండె జల్లుమంటుంది. నాలుగు డోర్ల బండికీ ఆ టూవీలర్లు తప్పవు. కానీ వెనక తలుపు పొట్టిది, పని అర నిమిషంలో అయిపోతుంది. సీటు వంచి తోయడం, మళ్లీ లాగడం ఉండవు.

నడుము సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే బండి కొనేటప్పుడు ఇంట్లో దీన్ని ఎవరూ అడగరు. నాకు సిజేరియన్ అయింది. జీపు ఎత్తైన బండి కాబట్టి లోపల మరీ ఎక్కువ ఒంగనక్కర్లేదు. కానీ బిడ్డను ఛాతీ ఎత్తుకు లేపి, అక్కడి నుంచి చేతులు చాచి ముందుకు అందించాలి. బరువు ఒంటికి దూరంగా పోయేకొద్దీ నడుము మీద భారం పెరుగుతుంది. నాలుగు డోర్ల బండిలో తలుపు తెరవగానే సీటు ఎదురుగానే ఉంటుంది, బిడ్డను గుండెలకు ఆనించుకునే దించవచ్చు. మొదటి ఏడాదిలో ఇది చిన్న తేడా కాదు.

ఆ మొదటి ఏడాదిలోనే సీటు వెనక్కి తిరిగి ఉండాలి. పసిబిడ్డకు తల బరువెక్కువ, మెడ బలం తక్కువ. వెనక్కి తిరిగి ఉంటే ఢీకొన్న దెబ్బను సీటు వీపు మొత్తం పంచుకుంటుంది. పిల్లల కార్ సీట్లకు యూరప్ పెట్టిన ఆర్129 ప్రమాణం 15 నెలలు నిండేదాకా ముందుకు తిప్పవద్దంటుంది. అమెరికా పిల్లల డాక్టర్ల సంఘమైతే ఆ సీటుకున్న బరువు, ఎత్తు పరిమితి దాటేదాకా వెనక్కే ఉంచమంటుంది. వెనక్కి తిరిగిన సీటు ఎక్కువ చోటు తీసుకుంటుంది. రెండు డోర్ల బండిలో దాని ముందున్న సీటును రోజూ నాలుగైదుసార్లు వంచి మళ్లీ వెనక్కి తేవాలి. తెచ్చిన ప్రతిసారీ అది కార్ సీటును నొక్కుతోందా అని చూసుకోవాలి. మా బండిలో ముందు సీటు మొదట ఉన్న చోటికే వచ్చి ఆగేది కాదు, రోజూ సర్దడమే.

సరే, సీటు ఎడమ వైపు పెట్టాలా, కుడి వైపా? వెనక్కి వెళ్లడానికి మా బండిలో దారి ఎడమ వైపు నుంచే. ఎడమ వైపు పెడితే నేను బయట నిలబడే బెల్టు పెట్టవచ్చు, కానీ ఆ సీటు దారికి అడ్డం కాబట్టి కుడి పక్క ఖాళీ సీటుకు ఇంకెవరూ వెళ్లలేరు. కుడి వైపు పెడితే నేను వెనక్కి ఎక్కి, వాడి పక్కనే కూర్చుని, తీరిగ్గా బెల్టు పెట్టవచ్చు. కానీ నేను ఒక్కదాన్నే డ్రైవ్ చేసే రోజు ఎక్కాలి, కట్టాలి, దిగాలి. అనంతపురం వెళ్లేటప్పుడు కుడి వైపు, డేకేర్‌కి ఎడమ వైపు అని మారుస్తూ కొన్నాళ్లు గడిపాం. మార్చిన ప్రతిసారీ కొక్కేలు బిగిశాయా, సీటును పట్టుకుని ఊపితే అంగుళం కంటే ఎక్కువ కదులుతోందా అని చూడాలి. అలా మార్చడం మంచిది కాదు. ఒకచోట బిగించి వదిలేసిన సీటులో తప్పు జరిగే అవకాశం తక్కువ.

అనంతపురం ప్రయాణం దాదాపు 210 కిలోమీటర్లు. హెబ్బాళ దాటి జాతీయ రహదారి 44 ఎక్కితే చిక్కబళ్లాపురం, బాగేపల్లి, కొడికొండ చెక్‌పోస్టు, పెనుకొండ మీదుగా పోతాం. ఆ దారిలో నాకు రెండు డోర్ల బండి మీద పెద్ద ఫిర్యాదు లేదు. ఒకసారి ఎక్కితే మధ్యలో ఒకటో రెండో సార్లు ఆగుతాం. పక్కనే కూర్చుంటాను కాబట్టి వాడు ఏడవడు. ఒక్కటే ఇబ్బంది, వెనక అద్దాలు దిగవు. వాడికి వాంతి వచ్చినట్టయితే బండి ఆపి, మా ఆయన దిగి, ఎడమ పక్కకు వచ్చి, సీటు వంచేదాకా మేమిద్దరం లోపలే. దిగే దారి ముందున్నవాళ్ల చేతిలో ఉండటం అనేది వెనక కూర్చున్నాకే అర్థమవుతుంది. ప్రమాదంలో ముందు సీటు ఇరుక్కుంటే ఎలా అన్న ఆలోచన ఒకసారి వచ్చిందంటే ఇక పోదు.

కామెట్ సంగతి మా వదిన దగ్గర చూశాను. వాళ్లది వైట్‌ఫీల్డ్. పాపకు మూడేళ్లు నిండాక కొన్నారు, అదే అసలు కీలకం. దాని వెడల్పు 1,505 మిల్లీమీటర్లే. రెండున్నర మీటర్ల గడిలో ఒక్కో పక్క దాదాపు 50 సెంటీమీటర్లు మిగులుతుంది కాబట్టి తలుపు తెరవడానికి బాధ లేదు. పాప తనే ఎక్కి సీట్లో కూర్చుంటుంది, వదిన బెల్టు పెడుతుంది. వెనక సీట్లు ఎత్తి ఉంటే డిక్కీ లేనట్టే కాబట్టి కుడి పక్క సీటు మడిచి అక్కడ సామాను పెడుతుంది. ఒక తల్లి, ఒక పిల్ల, స్కూలు, బజారు వరకు దానికి వంక పెట్టలేను. ఫుల్ ఛార్జికి కంపెనీ చెప్పేదే 230 కిలోమీటర్లు కాబట్టి అనంతపురం ప్రయాణానికి అది మా లెక్కలోకి రాలేదు.

నాలుగు డోర్లుంటే చాలు అనుకోవడమూ పొరపాటే. ఒక నెల మా చిన్నాన్నగారి హ్యాచ్‌బ్యాక్ వాడాం. చిన్న హ్యాచ్‌బ్యాక్‌లో వెనక తలుపు సన్నం. పెద్ద సైజు కార్ సీటును మొదటిసారి లోపల పెట్టేటప్పుడు ఫ్రేముకు తగిలి నానా తిప్పలు పెట్టింది. వెనక్కి తిరిగిన సీటు ముందు కూర్చున్న పొడగరి మా ఆయన మోకాళ్లు డాష్‌బోర్డుకు తగిలాయి. చైల్డ్ లాక్ వేయడం మర్చిపోయామేమోనన్న టెన్షన్ ఒకటి. రెండు డోర్ల బండిలో అది లేదు, వెనకున్న పిల్లాడి చేతికి అందే తలుపే ఉండదు. అది చిన్న లాభం కాదు. అయినా ఆ నెలలో నేను వాణ్ని సీటు లేకుండా తీసుకెళ్లాలని ఒక్కసారీ అనుకోలేదు. అత్తయ్యను మోకాళ్ల నొప్పులతో వానలో నిలబెట్టే అవసరమూ రాలేదు. ఆవిడ కుడి తలుపు తీసుకుని కూర్చునేది, నేను ఎడమ తలుపు దగ్గర వాడి పని చూసుకునేదాన్ని.

వెనక పెట్టడం కష్టమని కొందరు ముందు సీట్లోనే కార్ సీటు బిగిస్తారు. రెండు డోర్ల బళ్లలో ఈ ఆశ ఎక్కువ, నాకూ కలిగింది. దయచేసి చేయకండి. ఎయిర్‌బ్యాగ్ ఆన్‌లో ఉన్న ముందు సీట్లో వెనక్కి తిరిగిన సీటు పెడితే, అది తెరుచుకునే వేగానికి తగిలేది సరిగ్గా బిడ్డ తల వెనక భాగంలోనే. సన్‌వైజర్ మీద ఎర్రగా బొమ్మ వేసి మరీ చెబుతారు. ఒళ్లో పెట్టుకోవడం కూడా అంతే, బండి ఒక్కసారిగా ఆగితే ఏ నానమ్మ చేతులూ బిడ్డను పట్టి ఉంచలేవు. మోటారు వాహనాల చట్టం 2019 సవరణలో 194బి సెక్షన్ ప్రకారం 14 ఏళ్ల లోపు పిల్లలను బెల్టుతోనో పిల్లల సీటుతోనో కట్టకుండా తీసుకెళ్తే 1,000 రూపాయల జరిమానా ఉంది. జరిమానా ఎవరు వేస్తారన్నది పక్కన పెట్టండి, చట్టం అడిగేది మనం ఎలాగూ చేయాల్సిందే.

కాబట్టి నా తీర్పు ఇది. ఇంట్లో ఒకటే బండి, బిడ్డ మూడేళ్ల లోపు, ఎక్కువసార్లు ఒక్కరే ఎక్కించాలి, పైగా పార్కింగ్ ఇరుకు అంటే నాలుగు డోర్లే. ఇందులో నాకు అనుమానం లేదు. రెండో బండి ఉండి, జీపు ఆదివారాలకే బయటికి వస్తుందంటే ఉంచుకోండి. ఇప్పుడే కొనబోతుంటే షోరూంకి మీ కార్ సీటూ, మీ బిడ్డా ఇద్దరినీ తీసుకెళ్లండి. సేల్స్‌మ్యాన్ కాదు, రోజూ ఎక్కించబోయే మనిషే ఐదుసార్లు ఎక్కించి దించాలి. భుజం దగ్గర బెల్టును చిటికెతో పట్టి చూడండి, మడత దొరికిందంటే వదులుగా ఉన్నట్టు. ఐదోసారికి విసుగొచ్చి ఆ పరీక్ష వదిలేశారంటే, ఇంట్లోనూ వదిలేస్తారు.

మేం జీపు అమ్మలేదు. మా ఆయనకు అది ప్రాణం, ఆ మాట నేనూ కాదనలేను. అనంతపురంలో మా మరిది దగ్గర నాలుగు డోర్ల చిన్న బండి ఉంది, అతనికి ఇంకా పెళ్లి కాలేదు. బళ్లు మార్చుకున్నాం. "వదినా, వాడికి నాలుగేళ్లు వచ్చేదాకా నాదగ్గరే ఉంటుంది, గీత పడనివ్వను" అన్నాడు. దసరాకి వెళ్లినప్పుడు మా బాబు ఆ జీపు చూసి పరుగెత్తాడు. వాడికిప్పుడు రెండేళ్ల నాలుగు నెలలు. ఫుట్‌బోర్డు మీద మోకాలు పెట్టి, సీటు అంచు పట్టుకుని, ఎవరినీ ముట్టుకోనివ్వకుండా వెనక దాకా పాకాడు. అక్కడ కార్ సీటు లేదు. నా వైపు తిరిగి "అమ్మా, నా సీటేదీ?" అన్నాడు.