రంగుల పేర్ల కార్డులు: మూడు వారాలు ఆడి చూశాక చెప్తున్నా

అనంతపురం సప్తగిరి సర్కిల్ దగ్గర ఒక స్టేషనరీ షాపులో ఈ పెట్టె 249 రూపాయలకు తీసుకున్నా. లోపల 60 కార్డులు, ఒక ఇసుక గడియారం. కార్డు మీద "ఎరుపు" అని నీలం సిరాతో అచ్చేసి ఉంటుంది, మాట చదవకుండా సిరా రంగు చెప్పాలి. ఇంతేనా అనుకుంటాం గానీ నాలుగో కార్డుకే నోరు తడబడుతుంది.

ఈ ఆట పాతదే. 1935లో అమెరికాలో జాన్ రిడ్లీ స్ట్రూప్ అనే మనస్తత్వ పరిశోధకుడు కాలేజీ పిల్లలతో చేసిన ప్రయోగం. వంద రంగు గళ్ళ పేర్లు చెప్పడానికి వాళ్ళకు సగటున 63 సెకన్లు పడితే, రంగు ఒకటి మాట ఒకటి ఉన్న వంద పదాలకు 110 సెకన్లు పట్టింది. చదవడం అంత అలవాటైపోయింది కాబట్టి వద్దన్నా కళ్ళు చదివేస్తాయి. రెండు జవాబులు ఒకేసారి నోటిదాకా వస్తాయి. ఆ గొడవను మెదడు ముందువైపు లోపల ఉండే యాంటీరియర్ సింగ్యులేట్ అనే భాగం పసిగడుతుందని, నుదుటి వెనక ప్రీఫ్రంటల్ భాగం అడిగినదాని మీద ధ్యాస నిలబెడుతుందని చెప్తారు.

మా ఇంట్లో ఇది కళ్ళారా చూశాను. నలభై ఏళ్ళుగా పొద్దున్నే పేపర్ వదలకుండా చదివే మా మామ అందరికంటే ఎక్కువ ఇరుక్కున్నాడు, ఒక్కో కార్డు దగ్గర పెదాలు కదుల్తాయి, మాట బయటికి రాదు. ఇంగ్లీష్ మీడియం చదివే మా వాడికి తెలుగు కూడబలుక్కోవాలి కాబట్టి అంత ఇబ్బంది లేదు. అక్షరం ముక్క రాని మా అత్త మాత్రం టకటకా చెప్పేసి, "ఏందబ్బా, కండ్లెదుట ఉండే రంగు చెప్పేదానికి ఇంత తంటానా" అంది. ఆమె కండ్లకు అవి ఉత్త రంగు గీతలే మరి!

లోపాలు ఉన్నాయి. "పచ్చ" అని వేశారు, మా అత్తకు పచ్చ అంటే పసుపు, మా వాడికి ఆకు రంగు, దాని మీద పెద్ద వాదన. నారింజ, ఎరుపు సిరాలు ట్యూబ్‌లైట్ కింద ఒకేలా ఉన్నాయి. అసలు లోపం ఏమిటంటే 60 కార్డుల్లోనూ మాటకూ రంగుకూ పొంతన లేదు. పొంతన ఉన్నవి కూడా కలిపితేనే మనసు ఏమరుపాటుగా ఉండి తర్వాతి కార్డుకు గట్టిగా దెబ్బ తింటుంది, అన్నీ ఒకటే రకమైతే రెండు రోజుల్లో జాగ్రత్త పడిపోతుంది.

పెట్టె మీద "21 రోజుల్లో జ్ఞాపకశక్తి రెట్టింపు" అన్న మాట మాత్రం నమ్మొద్దు. ఆడేకొద్దీ ఈ ఆటే బాగా వస్తుంది, లెక్కల మార్కులు పెరగవు. పరీక్షల టెన్షన్‌లో ఉన్న తల్లిదండ్రులకు అలా అమ్మడం నాకు బాధగా ఉంది. 2016లో అమెరికాలో మెదడు ఆటల యాప్ అమ్మే లూమోసిటీ వాళ్ళు ఇలాంటి ప్రకటనల కేసులోనే 20 లక్షల డాలర్లు కట్టడానికి ఒప్పుకున్నారు.

ఐదుకు మూడు ఇస్తాను. 249 ఎక్కువనిపిస్తే ఒక చార్టు, నాలుగు స్కెచ్ పెన్నులు చాలు. మా వాడు పొంతన ఉన్నవీ లేనివీ కలిపి 20 కార్డులు రాశాడు, ఇప్పుడు ఇంట్లో అవే ఆడుతున్నాం.