నోయ్‌మన్ నడిపిన ‘రుసల్క’: మూడు సీడీల సెట్టు

ఒపేరా అంటేనే పాట. అలాంటిది ఈ ఒపేరాలో రెండో అంకం చాలా భాగం నాయిక నోరు విప్పదు. పెళ్ళికి వచ్చిన చుట్టాలు, వెటకారంగా చూసే పరాయి దేశపు రాకుమార్తె, చిరాకు పడే పెళ్ళికొడుకు, అందరూ ఆమె చుట్టూ పాడుతూనే ఉంటారు. ఆమె ఒక్కతే నిలబడి ఉంటుంది. సీడీలో మనకి ఆమె ముఖం కూడా కనపడదు. మరి ఆమె అక్కడ ఉందని మనకెలా తెలియాలి? కండక్టర్ వాట్స్‌లావ్ నోయ్‌మన్ 1982, 83లలో చెక్ ఫిల్హార్మోనిక్ ఆర్కెస్ట్రాతో సుప్రఫోన్ కంపెనీకి రికార్డు చేసిన ఈ సెట్టు నాకు అంత ఇష్టం కావడానికి కారణం ఆ ప్రశ్నకి అందులో దొరికిన జవాబే.

నాది తెనాలి. ప్రాగ్‌కి వచ్చి ఏడో ఏడు నడుస్తోంది, సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో ఉద్యోగం. చిన్నప్పుడు ఎనిమిదేళ్ళు వయొలిన్ నేర్చుకున్నాను. ఈ సెట్టు మొదట ఆన్‌లైన్‌లో ఒకరి దగ్గర పాతది కొన్నాను. పెట్టె తెరిస్తే రెండో అంకం ఉన్న డిస్కే లేదు. డబ్బు వెనక్కి రావడానికి నెల పట్టింది. తర్వాత ఒక పాత పుస్తకాల కొట్టులో, నోట్సు పుస్తకాల కింద, ఇంకొకటి దొరికింది. 350 కొరునాలు. కొట్టాయన పెద్దవాడు. ఒక్కో డిస్కూ తీసి దీపం కింద పెట్టి, గీతలు లేవని చూపించి మరీ ఇచ్చాడు. పాతది కొనేవాళ్ళు మీరూ అలాగే చూసుకోండి.

కథ కొద్దిగా చెప్పాలి. రుసల్క నీళ్ళలో ఉండే పిల్ల. చెరువుకి వచ్చే రాకుమారుడి మీద మనసు పడుతుంది. మనిషి రూపం కావాలని యెజిబాబా అనే మంత్రగత్తె దగ్గరికి వెళ్తే, ఇస్తాను కానీ నీ మాట పోతుంది అంటుంది. సరే అంటుంది పిల్ల. ఆ తర్వాత జరిగేదంతా ఆ ఒప్పందం ఫలితమే. కథని పాటలుగా రాసింది యారొస్లావ్ క్వాపిల్, సంగీతం ఆంటొనీన్ ద్వోర్జాక్. 1901 మార్చి 31న ప్రాగ్ నేషనల్ థియేటర్‌లో మొదటిసారి ఆడారు. అప్పటికి ద్వోర్జాక్‌కి 59 ఏళ్ళు.

ఒపేరా వినని వాళ్ళకి కూడా ఇందులోంచి ఒక్క పాట తెలిసే అవకాశం ఉంది. మొదటి అంకంలో రుసల్క చంద్రుణ్ణి పిలిచే పాట. ‘మ్యెసీచ్కు’ అని మొదలవుతుంది. చంద్రుణ్ణి ముద్దుగా పిలిచే మాట అది, మనం చందమామా అన్నట్టు. ఆ మాటలో బరువు, అంటే నొక్కి పలకడం, మొదటి అక్షరం మీద పడుతుంది, దీర్ఘం మాత్రం రెండో అక్షరం మీద ఉంటుంది. చెక్ భాష అంతా ఇంతే. బరువు మాట మొదట్లో, దీర్ఘం ఎక్కడైనా. చెక్ క్లాసుకి వెళ్ళిన మొదటి నెలల్లో నాకు సులువుగా వచ్చింది ఇదొక్కటే. హ్రస్వం దీర్ఘం తేడా పుట్టినప్పటి నుంచీ చెవిలో ఉన్నవాళ్ళం కదా మనం. ఈ పాట పాడే చాలామంది ఆ మొదటి అక్షరాన్ని మింగేసి దీర్ఘం మీద వాలిపోతారు. ఇందులో రుసల్కగా పాడిన గాబ్రియెలా బెన్యాచ్‌కొవా అలా చెయ్యదు. ‘మ్యె’ని మెల్లగా నొక్కి, ‘సీ’ని సాగదీసి, ‘చ్కు’ని వదిలేస్తుంది. అది వచ్చేదాకా నోయ్‌మన్ తొందరపడడు. హార్ప్ మీటులు అయ్యాక తీగ వాయిద్యాలు ఆమె కింద పరుపు పరిచినట్టు వస్తాయి. ఎక్కడా ఆమెని నెట్టవు. పాట చివర ఆరిపోకు అని చంద్రుణ్ణి బతిమాలేటప్పుడు మాత్రం ఒక్కసారిగా వేగం, భయం వస్తాయి. వెంటనే ఆమె నీళ్ళు చల్లగా ఉన్నాయంటుంది. పుట్టి పెరిగిన నీళ్ళు. ఆ పాటని విడిగా యూట్యూబ్‌లో వింటే ఈ మాట వినపడదు. అందుకే మొత్తం సెట్టు వినమంటున్నాను.

ఇక నోయ్‌మన్ గురించి. ఈయన 1920లో ప్రాగ్‌లో పుట్టాడు. మొదట వాయిద్యకారుడు. స్మెతనా క్వార్టెట్ అనే నలుగురి బృందాన్ని మొదలుపెట్టిన వాళ్ళలో ఒకడు, తర్వాత చెక్ ఫిల్హార్మోనిక్‌లో వయోలా వాయించాడు. వయోలా అంటే వయొలిన్ కంటే కాస్త పెద్దది, స్వరం కిందిది. ఆర్కెస్ట్రాలో దానికి ముఖ్యమైన రాగం దొరకడం తక్కువ. పైన వయొలిన్లు, కింద చెల్లోలు, మధ్యలో ఇది. అక్కడ కూర్చుని వాయించినవాడు రెండు పక్కలా వినకుండా ఉండలేడు. వయొలిన్ చేత్తో పట్టిన మనిషిగా చెప్తున్నాను, ఈ రికార్డింగులో మధ్య స్వరాలు వినపడేంత బాగా వేరే వాటిలో నాకు వినపడలేదు.

1948లో చెక్ ఫిల్హార్మోనిక్‌ని నడుపుతున్న రఫయెల్ కుబెలీక్ కమ్యూనిస్టులు అధికారంలోకి రాగానే దేశం వదిలి వెళ్ళిపోయాడు. అప్పుడు తాత్కాలికంగా ఆ చోట నిలబడ్డది నోయ్‌మనే. తర్వాత 1956లో బెర్లిన్ వెళ్ళి కోమిషె ఓపర్ అనే ఒపేరా థియేటర్‌లో దర్శకుడు వాల్టర్ ఫెల్జెన్‌స్టైన్ దగ్గర పనిచేశాడు. ఫెల్జెన్‌స్టైన్‌కి గొంతు ఒక్కటీ బాగుంటే చాలదు. పాడే ప్రతి మాటా ఎందుకు పాడుతున్నారో గాయకుడికి తెలిసి ఉండాలి, అది ప్రేక్షకుడికి అందాలి. అక్కడ యానాచెక్ రాసిన నక్కపిల్ల ఒపేరాని నోయ్‌మన్ నడిపాడు, ఆ ప్రదర్శన 200 సార్లకు పైగా ఆడింది. ఒపేరాలో కండక్టర్ పని చెయ్యి ఊపడం కాదు, నాటకాన్ని నడపడం అని ఆయనకి అక్కడే ఒంటబట్టి ఉండాలి. ఈ రుసల్కలో నాకు బెర్లిన్ వినపడుతుంది.

1964లో తూర్పు జర్మనీలోని లైప్‌జిగ్ వెళ్ళాడు. గెవాండ్‌హౌస్ ఆర్కెస్ట్రా, ఊరి ఒపేరా రెండూ ఆయన చేతిలోనే. సంగీతకారుడికి అంతకన్నా పెద్ద కుర్చీలు చాలా తక్కువ. 1968 ఆగస్టులో సోవియట్ కూటమి సైన్యాలు చెకొస్లొవేకియాలోకి దిగాయి, ఆ దాడిని తూర్పు జర్మనీ సమర్థించింది. నోయ్‌మన్ రెండు పదవులూ వదిలేసి ప్రాగ్‌కి తిరిగొచ్చేశాడు. అప్పుడు చెక్ ఫిల్హార్మోనిక్‌ని నడుపుతున్న కారెల్ ఆంచెర్ల్ అదే కారణంగా విదేశాల్లో ఉండిపోయాడు. ఆ కుర్చీలోకి మళ్ళీ నోయ్‌మన్. అంటే ఇరవై ఏళ్ళ తేడాతో రెండుసార్లు, దేశం పోగొట్టుకున్న మనిషి ఖాళీ చేసిన చోట ఈయన కర్ర పట్టుకుని నిలబడ్డాడు. 1990 దాకా అక్కడే ఉన్నాడు.

ఇదంతా సీడీ రివ్యూలో ఎందుకంటారా? రెండో అంకం వినండి. పోలొనేజ్ నాట్యం అట్టహాసంగా వెళ్తుంది, ఇత్తడి వాయిద్యాలు మెరుస్తాయి. చాలామంది దీన్ని పండగలా మోగించి వదిలేస్తారు. నోయ్‌మన్ దగ్గర ఆ సందడి అంతా రుసల్క నిలబడ్డ చోటు నుంచి వింటున్నట్టు ఉంటుంది. రాకుమారుడు ఎందుకింత చల్లగా ఉంటావని ఆమెని నిలదీసేటప్పుడు, ఆమె చెప్పలేని జవాబు ఆర్కెస్ట్రాలోంచి వస్తుంది. గట్టిగా రాదు. మొదటి అంకంలో ఆమె రాగమే, విరిగిన ముక్కలుగా. తర్వాత చెరువులోంచి తండ్రి లాంటి వొద్‌నీక్ తల పైకెత్తి, అయ్యో పాలిపోయిన నా రుసల్కా అని ఏడుస్తాడు. రిఖర్డ్ నొవాక్ ఆ మాటని అరవకుండా, ఇంట్లో పెద్దాయన గొంతు పూడుకుపోయినట్టు పాడాడు. సరిగ్గా అప్పుడే లోపల పెళ్ళివాళ్ళు తెల్లపూల పాట మొదలెడతారు. రెండూ ఒకేసారి. రెండూ స్పష్టంగా వినపడతాయి. ఆ పాట ఆయన దుఃఖాన్ని తొక్కెయ్యదు, ఆయన ఏడుపు వాళ్ళ పాటని ఆపదు. చివరికి రుసల్కకి వొద్‌నీక్ ముందు గొంతు వస్తుంది. అంతసేపు ఆగి వచ్చిన ఆ మొదటి వాక్యానికి నాకు ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

లోపాలు లేవని కాదు. రాకుమారుడిగా పోలెండ్ గాయకుడు వియెస్వావ్ ఓఖ్‌మన్ ఎంతో హుందాగా పాడతాడు, కానీ మూడో అంకంలో పై స్వరాల దగ్గర శ్రమ తెలుస్తుంది. చావడానికి వచ్చిన మనిషి పాట కాబట్టి అది నాకు అడ్డం అనిపించలేదు, మీకు అనిపించొచ్చు. పరాయి రాకుమార్తెగా ద్రహొమీరా ద్రొబ్‌కొవాలో ఇంకాస్త విషం ఉంటే బాగుండేది. యెజిబాబాగా వ్యేరా సౌకుపొవా మాత్రం భలే. భయపెట్టదు, బేరం ఆడుతుంది.

వేరేవి కూడా విన్నాను. జ్దెన్యెక్ ఖలబల 1961లో మిలాదా షుబర్తొవాతో చేసిన పాత రికార్డింగు నాటకంగా ఇంకా వేడిగా ఉంటుంది, శబ్దం మాత్రం పాతకాలం నాటిది. చార్లెస్ మాకెరస్ ఇదే ఆర్కెస్ట్రాతో రెనీ ఫ్లెమింగ్‌ని పెట్టి చేసినది 1998లో వచ్చింది, శబ్దానికి అదే మేలు. ఫ్లెమింగ్ గొంతు పట్టులా ఉంటుంది. కానీ నా చెవికి ఆమె ఆ భాషని అందంగా పాడుతుంది, బెన్యాచ్‌కొవా ఆ భాషలో మాట్లాడుతుంది. ఒక్కటే కొనగలిగితే నోయ్‌మన్‌ది కొనండి. పాట పుస్తకం చేత్తో పట్టుకుని, రోజుకొక అంకం చొప్పున వినండి. ఫోన్ స్పీకర్లో మాత్రం వద్దు, ఆ మధ్య స్వరాలే పోతాయి.

చెక్ ఫిల్హార్మోనిక్ మొదటి కచేరీ 1896 జనవరి 4న రుడోల్ఫీనుమ్‌లో జరిగింది, నడిపింది స్వయంగా ద్వోర్జాక్. ఆ హాల్లో నెలకొకసారైనా వెనక వరసలో టికెట్ కొంటాను, వయోలాలు కనపడే వైపు. 1989 శరత్కాలంలో, ఒక పిటిషన్ మీద సంతకం పెట్టిన కళాకారుల్ని ప్రభుత్వం వేధిస్తుంటే, నోయ్‌మన్ నడిపే ఆర్కెస్ట్రా రేడియోకీ టీవీకీ వాయించం అని మానేసింది. ఆ డిసెంబరు 14న, కమ్యూనిస్టు ప్రభుత్వం దిగిపోయాక, ఆయన స్మెతనా హాల్లో, ఆ ప్రభుత్వాన్ని ఎదిరించిన సివిక్ ఫోరమ్ అనే ఉద్యమం కోసం బీతొవెన్ తొమ్మిదో సింఫనీ వాయింపించాడు. అది కూడా సీడీగా ఉంది. ఇంకా కొనలేదు, కొట్టాయనకి చెప్పి ఉంచాను.

పోయిన ఆదివారం అమ్మ వీడియో కాల్ చేసినప్పుడు రెండో డిస్కు నడుస్తోంది. తియ్యబోతుంటే, “ఉండనీవే,” అంది. వొద్‌నీక్ పాట అయ్యేదాకా ఏమీ మాట్లాడలేదు.

“ఎవరే ఆయన? కూతుర్ని అత్తారింట్లో చూసొచ్చినట్టు ఏడుస్తున్నాడు.”

కథ చెప్పాను. “మరి ఆ పిల్ల ఏమంటుంది?” అని అడిగింది. ఇప్పుడే పాడుతుంది, వినమ్మా అని ఫోన్‌ని స్పీకర్ దగ్గర పెట్టాను.