లివర్‌పూల్‌లో ఒక పాత చాపెల్, దాని చుట్టూ మారిన ఊరు

లివర్‌పూల్ అంటే బీటిల్స్ అంటారు, ఫుట్‌బాల్ అంటారు. 2024 మేలో అక్కడ చదువుతున్న మా అమ్మాయి దగ్గరికి వెళ్లినప్పుడు నా మనసులో ఉన్నది మాత్రం జెరెమయ్య హొరాక్స్. శుక్రుడు సూర్యబింబం మీదుగా దాటడాన్ని 1639లో ముందే లెక్కగట్టి, కళ్లారా చూసిన కుర్రాడు. ఇరవై రెండేళ్లకే చనిపోయాడు. అతని ఊరు టాక్స్‌టెత్, ఇప్పుడు లివర్‌పూల్‌లో ఒక పేట. అక్కడి పార్క్ రోడ్డులో 1618 నాటి చిన్న యూనిటేరియన్ (దేవుడు ఒక్కడే, త్రిత్వం లేదనే క్రైస్తవ శాఖ) చాపెల్‌లో, అంటే ప్రార్థనా మందిరంలో, అతని పేరిట ఒక ఫలకం ఉంది.

సిటీ సెంటర్ నుంచి 82 నంబర్ బస్సు ఎక్కాం, టికెట్ అప్పుడు రెండు పౌండ్లు. రైలుకైతే బ్రన్స్‌విక్‌లో దిగాలి. ఆ స్టేషన్ నదివైపు పల్లంలో ఉంది, అక్కణ్ణుంచి అంతా ఎక్కుడే. మోకాళ్ల నొప్పులుంటే బస్సే నయం. చెప్పకుండా వెళ్లామేమో, మొదటిరోజు గేటుకి తాళం. తర్వాత రాసి అడిగితే ఒక పెద్దావిడ వచ్చి ఎంతో ఓపిగ్గా తీశారు. మీరూ ముందే అడిగి వెళ్లండి.

మందిరం చిన్నది. 1774లో చాలావరకు తిరిగి కట్టారు. నన్ను కట్టిపడేసింది మాత్రం సమాధుల ఆవరణ. ఓడల వ్యాపారంలో పేరు మోసిన హోల్ట్ కుటుంబం వాళ్లు ఇక్కడే ఉన్నారు. ఒక రాయి మీద నాచు పట్టి అక్షరాలు కనపడలేదు. మా అమ్మాయి సీసాలో నీళ్లు కొద్దిగా పోసింది. తడి అంచుల వెంట ఒక పేరు సగం తేలింది. వేలితో తడిమితే ఇసుక రాలింది, భయమేసి చెయ్యి తీసేశాను.

ఇదంతా ఒకప్పుడు రాజుగారి జింకల అడవి. ఆ తర్వాత ప్యూరిటన్ రైతులు, అంటే నిష్ఠగల ప్రొటెస్టెంట్లు, వచ్చి స్థిరపడ్డారు. ఇక్కడి తొలి పాస్టర్ రిచర్డ్ మేథర్ 1635లో అమెరికాకి ఓడెక్కాడు. తర్వాత రేవులు వచ్చాయి, కార్మికుల ఇళ్ల వరసలు వచ్చాయి. బైబిల్ పేర్లున్న మోజెస్, ఐజాక్, జేకబ్, డేవిడ్ వీధులు ఇప్పటికీ పక్కపక్కనే ఉన్నాయి. 1896లో ఇక్కడిదాకా వచ్చిన ఎలక్ట్రిక్ రైలు 1956లో ఆగిపోయింది. కొంచెం నడిస్తే వెల్ష్ స్ట్రీట్స్. బీటిల్స్ డ్రమ్మర్ రింగో స్టార్ పుట్టిన మ్యాడ్రిన్ స్ట్రీట్ అందులోదే. కూల్చేయాలనుకున్న ఇళ్లని 2015 తర్వాత బాగుచేసి మనుషుల్ని పెట్టారు. కిటికీల్లో పూలకుండీలు చూసి మనసు తేలికపడింది.

బస విషయానికొస్తే, సెంటర్లో దిగిన హోటల్ శుభ్రంగా ఉంది కానీ శనివారం రాత్రి రెండింటిదాకా వీధిలో గోల, నిద్ర లేదు. మిగతా రెండు రాత్రులూ సెఫ్టన్ పార్క్ దగ్గర పాత ఇంట్లో గది తీసుకున్నాం. వేడినీళ్లు రావడానికి టైమ్ పట్టేది, అయినా నా ఓటు దానికే. లాడ్జ్ లేన్ దుకాణాల్లో బియ్యం, పచ్చిమిర్చి దొరికాయి. రాత్రి చారు పెట్టుకున్నాం.

చివరిరోజు మౌంట్ ప్లెజెంట్ మీది రాస్కో గార్డెన్స్‌కి వెళ్లాం. అది రెన్‌షా స్ట్రీట్ యూనిటేరియన్ చాపెల్ సమాధుల తోట. 1899లో ఆ సంఘం ఉల్లెట్ రోడ్డుకి మారిపోయింది, చాపెల్ లేదు, తోట మిగిలింది. బానిస వ్యాపారాన్ని ఎదిరించిన విలియం రాస్కో సమాధి ఇక్కడిదే. 1831లో రామమోహన్ రాయ్ లివర్‌పూల్‌లో ఓడ దిగి ఆయన్ని కలిశారు. మన కందుకూరి వీరేశలింగం గారు నడిచిన బ్రహ్మసమాజ దారి ఆ రాయ్ గారు వేసిందే.

మా అమ్మాయి రెండేళ్లుగా ఆ తోట పక్కనుంచే యూనివర్సిటీకి నడుస్తోంది. "నాన్నా, ఇక్కడ బెంచీ మీద కూర్చుని శాండ్‌విచ్ తినేదాన్ని, ఇది సమాధుల స్థలమని తెలియదు" అంది. ఇద్దరం ఇంకో అరగంట అక్కడే కూర్చున్నాం.