వెలిసిపోయిన కారుకి ఏది మేలు: వాక్సా, పాలిషా, సిరామిక్కా, కొత్త పెయింటా?

దసరాకి నెల్లూరు వెళ్ళినప్పుడు మా బావ కారు చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, "ఏంది బావా, పెయింటింగ్ చేయించినావా?" అన్నాడు. చేయించలేదు. మెషీన్ పాలిష్ ఒక్కటే. అప్పటి నుంచి మా వాళ్ళ గ్రూపులో ఇదే ప్రశ్న: సిరామిక్ మేలా, వాక్స్ చాలా, పెయింటే వేయించుకుంటే పోతుందా అని. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పలేక ఇది రాస్తున్నాను.

నాది ఎర్ర కారు, 2014 మోడల్. చెన్నైలో తిరువాన్మియూరు వీధిలో, నీడ లేని చోట పార్కింగు. పైన ఎండ, పక్కన సముద్రం, రోజూ కడిగేది బోరు నీళ్ళతో. పదేళ్ళకి బానెట్ ఇటుక రంగుకి వచ్చేసింది.

ఏది మేలో తేల్చాల్సింది డబ్బా మీద రాసింది చదివి కాదు. మీ కారు మీద క్లియర్ కోట్, అంటే రంగుని కాపాడే పారదర్శకమైన పైపొర, ఇంకా ఉందా లేదా, అదొక్కటే నా లెక్క. అది తెలుసుకోవడానికి ఒక చెంబు నీళ్ళు చాలు. పొద్దున్నే, ఎండ రాకముందు, కారు కడిగి తుడిచాక బానెట్ మీద నీళ్ళు పొయ్యండి. నాపరాయి తడిస్తే రంగు తేలుతుంది చూడండి, అలా తడి ఉన్నంతసేపూ పాత రంగు కనిపిస్తే మీ కారు పాలిష్‌కి లొంగుతుంది. పైపొర గరుకెక్కి వెలుతురుని చెదరగొడుతోందంతే. నీళ్ళు ఆ గరుకుని కాసేపు కప్పుతాయి, పాలిష్ దాన్ని చదును చేస్తుంది. తడిలో కూడా తెల్లగా, పొలుసుల్లా కనిపిస్తే మాత్రం అక్కడ క్లియర్ కోట్ పోయినట్టే. దాని మీద ఎవరు ఎంత రుద్దినా దండగ.

నేను పోసి చూశాను. బానెట్ మీద షోరూంలో చూసిన ఎరుపు తేలింది. రూఫ్ మీద వెనక వైపు అరచేయంత మచ్చలు రెండు, నీళ్ళ కింద కూడా తెల్లగానే ఉన్నాయి. గోరు ఆనిస్తే అంచు పొరలా లేచింది.

ఇక ఒక్కొక్కటి.

వాక్స్: కొత్త కారుకి బాగుంటుంది. వెలిసిన కారుకి పౌడరు పూసినట్టే. చెన్నై ఏప్రిల్ ఎండలో నిలిచిన కారు మీద నాకు నెల తిరక్కుండానే పోయింది. టూత్‌పేస్టు, కొబ్బరినూనె చిట్కాల గురించి అడక్కండి.

మెషీన్ పాలిష్: నా ఓటు దీనికే. అయితే ఇది పూసేది కాదు, గీకేది. కంపెనీ పెయింటు అంతా కలిపి సుమారు 100 నుంచి 150 మైక్రాన్లు, అందులో క్లియర్ కోట్ 40, 50 ఉంటే గొప్ప. మన తల వెంట్రుక మందం సుమారు 70 ఉంటుంది. కాంపౌండ్ (గరుకు పేస్టు) పెట్టి గట్టిగా రుద్దిన ప్రతిసారీ అందులో కొన్ని మైక్రాన్లు పోతాయి. అందుకే "ఏటా రబ్బింగ్, పాలిషింగ్ ఫ్రీ" అనే ప్యాకేజీ చూస్తే నాకు భయం. ఎండ తినేది కొంత, వీళ్ళు తినేది కొంత!

మెషీన్ ఏదన్నది కూడా అడగండి. ఒకే వైపు గిర్రున తిరిగే రోటరీ వేగంగా పని చేస్తుంది కానీ వేడెక్కిస్తుంది. మూడేళ్ళ క్రితం ఒక షాపులో అంచులకి టేపు వెయ్యకుండా దాంతోనే రుద్దారు. బానెట్ మడత మీద అగ్గిపుల్ల పొడవున బూడిద రంగు గీత తేలింది. అది ప్రైమర్, రంగుకి కింద వేసే పూత. అంచుల దగ్గర పెయింటు పల్చగా ఉంటుందని అప్పుడు తెలిసింది. ఈసారి తిరుగుతూనే అటూ ఇటూ కదిలే డ్యూయల్ యాక్షన్ మెషీనే కావాలన్నాను, ముందు క్లే బార్ (పెయింటుకి అంటుకున్న మురికిని లాగే మెత్తటి ముద్ద) వేయించాను, బానెట్‌లో ఒక మూల రుద్ది చూపించాకే మిగతాది చెయ్యమన్నాను. బాగా పాత కార్లలో క్లియర్ కోట్ అసలు ఉండదు, రుద్దితే గుడ్డకి కారు రంగే అంటుతుంది. కంగారు పడక్కర్లేదు గానీ, అలాంటి దాన్ని జాగ్రత్తగా, మెల్లగా చెయ్యాలి.

సిరామిక్ కోటింగ్: పెయింటు మీద పూస్తే గాజులా గట్టిపడే ద్రవం. అందరూ అడిగేది దీని గురించే. షాపులో ఇదివరకు, తర్వాత అని చూపించే ఫొటోల్లో మెరుపు కోటింగ్‌ది కాదు, దానికి ముందు చేసిన పాలిష్‌ది. కోటింగ్ ఆ మెరుపుని కొన్నాళ్ళు కాపాడుతుంది, అంతవరకు నిజం. పాలిష్ సరిగా చెయ్యకుండా వేస్తే గీతల మీద అద్దం బిగించినట్టే. కోటింగ్ డబ్బాల మీద రాసే 9హెచ్ అన్నది పెన్సిల్ గట్టిదనం లెక్క, తాళంచెవి గీతని ఆపదు. ఇంకోటి, కోటింగ్ మీద నీళ్ళు ముత్యాల్లా నిలుస్తాయని మురిసిపోతాం కదా, బోరు నీళ్ళ ముత్యం ఎండలో ఆరితే సున్నపు వలయం మిగులుతుంది. మీ కారు సెల్లార్‌లో ఉండి, మంచినీళ్ళతో కడిగితే వేయించుకోండి. నా పార్కింగుకి నేను వేయించలేదు. మూడు నాలుగు నెలలకోసారి చేత్తో సీలెంట్ (వాక్స్ లాంటిదే, రసాయనాలతో చేసిన పూత) రాసుకుంటున్నాను.

పీపీఎఫ్, అంటే పెయింటు మీద అంటించే పారదర్శక ఫిల్మ్, కొత్త బండ్ల సంగతి, వదిలేద్దాం.

కొత్త పెయింటు: నీళ్ళ పరీక్షలో ఓడిన చోటికి ఇదే దారి, కానీ ఆ ప్యానెల్ వరకే. మొత్తం కారుకి వేయిస్తే అమ్మేటప్పుడు కొనేవాడు యాక్సిడెంట్ బండి అని అనుమానపడతాడు. రంగు మారిస్తే ఆర్సీలో కూడా మార్పించుకోవాలి. పాత ఎరుపు పక్కన కొత్త ఎరుపు కలవడం ఇంకో తలనొప్పి. చుట్టుపక్కల ప్యానెళ్ళకి ముందు పాలిష్ చేయించి, అప్పుడు షేడ్ కలపమనండి.

చేయించినదాన్ని పాడుచేసేది మాత్రం రోజూ పొద్దున ఒకే బకెట్టు, ఒకే గుడ్డతో పది కార్లు తుడిచే పద్ధతి. ఆ ఇసుకే కదా బానెట్ మీద సాలెగూడు గీతలు గీసేది. మా వీధిలో కడిగే తమ్ముడికి నా కారుకని రెండు మైక్రోఫైబర్ గుడ్డలు విడిగా ఇచ్చాను. ఒకటి వారంలోనే పక్క కారు మీద కనిపించింది.

రూఫ్ పని ఇంకా అలాగే ఉంది. ఈ వానల తేమలో వేస్తే పెయింటు పాలిపోతుంది, తెరిపి ఇచ్చాక జనవరిలో తెమ్మన్నాడు షెడ్డు మేస్త్రి. అందాకా మిద్దె మీంచి చూసేవాళ్ళకి మాత్రం నా గుట్టు తెలిసిపోతూనే ఉంటుంది.